ముందు పేజీ, ఆ తర్వాతే యాప్: ట్యాబ్లెట్‌లో డిజిటల్ స్క్రాప్‌బుక్

ఫొటోలు, వాటి వెనకున్న ముచ్చట్లు, రంగు కాగితాలు, పూలు, రిబ్బన్లు, చేతిరాత అన్నీ ఒక పేజీ మీద పేర్చి దాచుకునే పుస్తకం స్క్రాప్‌బుక్. కత్తెర, జిగురు లేకుండా ఆ పనిని తెర మీద చేస్తే అది డిజిటల్ స్క్రాప్‌బుక్. ఆల్బమ్‌లో బొమ్మ ఉంటుంది, స్క్రాప్‌బుక్‌లో బొమ్మతో పాటు మాట కూడా ఉంటుంది. అన్నప్రాసన నాడు పాప ఎదురుగా పేర్చిన వస్తువుల్లో పుస్తకం వైపు పాకిందని ఫొటో చెబుతుంది. అప్పుడు నానమ్మ ఏమందో, తాతయ్య ఎందుకు కళ్లు తుడుచుకున్నాడో పక్కన రాసి పెడితేనే నిలుస్తుంది.

ఈ పనికి చాలాకాలం ల్యాప్‌టాప్, అందులో ఫొటోషాప్ గానీ ఫొటోషాప్ ఎలిమెంట్స్ గానీ ఉండాలనుకునేవారు. ఇప్పుడు ట్యాబ్లెట్‌తోనే మొదటి నుంచి చివరి దాకా పేజీ తయారవుతుంది. చిక్కు యాప్ ఎంపిక దగ్గర వస్తుంది. దుకాణంలో ముందుగా కనిపించిన యాప్‌నో, స్నేహితులు మెచ్చుకున్న యాప్‌నో కొని, పది పేజీలు చేశాక అది ప్రింటుకు సరిపోదని తెలిసి దిగాలుపడేవారు ఎక్కువ. వెతుకులాటను యాప్ దగ్గర కాకుండా పేజీ దగ్గర మొదలుపెడితే ఈ శ్రమ తప్పుతుంది. పేజీ ఎంత పెద్దది, కాగితం మీదికి వెళ్తుందా, అందులో తెలుగు ఉంటుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం యాప్‌లు వాటంతటవే జాబితా నుంచి తప్పుకుంటాయి.

ల్యాప్‌టాప్ వదిలితే ఏం మారుతుంది

ట్యాబ్లెట్‌లో మొదటి లాభం చెయ్యి. మౌస్‌తో ఫొటో అంచు కత్తిరించడం కంటే స్టైలస్‌తో గీత వెంట నడపడం తేలిక. చేతిరాత నేరుగా పేజీ మీదికి వస్తుంది. రెండో లాభం కెమెరా. పాత ఇన్‌లాండ్ లెటర్, పెళ్లి శుభలేఖ, బడి మార్కుల కాగితం వంటివి అక్కడికక్కడే స్కాన్ చేసుకోవచ్చు. ఐప్యాడ్‌లో నోట్స్ యాప్, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ యాప్ ఈ పని చేస్తాయి. మూడోది చోటు. పెద్దవాళ్ల పక్కన మంచం మీద కూర్చుని ఒక్కో ఫొటో చూపిస్తూ, వాళ్లు చెప్పింది చెప్పినట్టు పేజీలో రాసుకోవచ్చు. స్క్రాప్‌బుక్‌కు కావలసిన ముడిసరుకు ఈ కబుర్లే.

వదులుకోవలసినవీ ఉన్నాయి. ఒకే మార్పును వంద ఫొటోలకు ఒక్కసారిగా చేసే సదుపాయం, ఫొటోషాప్ యాక్షన్లు, స్టైల్ ఫైళ్లు చాలా ట్యాబ్లెట్ యాప్‌లలో పనిచేయవు. ఫొటోషాప్ ఎలిమెంట్స్ ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్ కంప్యూటర్లకే పరిమితం. పొడవైన తెలుగు వ్యాసం టైపు చేయడానికి, వంద పేజీల పుస్తకాన్ని వరుసగా కూర్చడానికి ల్యాప్‌టాప్ ఇప్పటికీ సులువు. ఇంట్లో రెండూ ఉంటే పేజీ తయారీ ట్యాబ్లెట్‌లో, పుస్తకం కూర్పు ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవడం మంచి పద్ధతి. ట్యాబ్లెట్ ఒక్కటే ఉన్నవారికి కింది వివరాలు మరింత అవసరం.

పేజీ కొలత

స్క్రాప్‌బుక్‌కు అలవాటైన కొలత 12 అంగుళాల చదరం. అమెరికాలో కాగితపు స్క్రాప్‌బుక్ ఆల్బమ్‌లు ఎక్కువగా ఈ కొలతలో ఉండటంతో డిజిటల్ కాగితాలు, టెంప్లేట్లు కూడా దీన్నే అనుసరించాయి. తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి ఆల్బమ్‌లు వేరే కొలతల్లో ఉంటాయి. కరిజ్మా ఆల్బమ్‌లలో 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉన్న జంట పేజీ అందరికీ తెలిసిందే. ఆల్బమ్ ల్యాబ్‌లో అచ్చు వేయించాలనుకుంటే ఆ ల్యాబ్ ఏ కొలతలు తీసుకుంటుందో ముందే కనుక్కోవాలి. పేజీ అంతా పూర్తయ్యాక చదరాన్ని దీర్ఘచతురస్రంగా సాగదీయడం కుదరదు.

మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలని లెక్క. ఆ లెక్కన 12 అంగుళాల చదరానికి 3600 × 3600 పిక్సెళ్లు, 8 అంగుళాల చదరానికి 2400 × 2400, ఏ4 కాగితానికి 2480 × 3508, కరిజ్మా జంట పేజీకి 10800 × 3600 పిక్సెళ్లు అవసరమవుతాయి. కొత్త పేజీ తెరిచేటప్పుడు ఈ అంకెలను స్వయంగా వేసే వీలు యాప్‌లో ఉండాలి. తయారుగా ఉన్న కొలతలు మాత్రమే ఇచ్చే యాప్ వాట్సాప్ స్టేటస్‌కు పనికొస్తుంది, పుస్తకానికి పనికిరాదు.

ఫొటోకీ ఇదే లెక్క. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసిన 4000 × 3000 ఫొటోను 13 అంగుళాల వెడల్పు దాకా ధీమాగా అచ్చు వేయవచ్చు. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వస్తే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, అంటే అయిదు అంగుళాలు దాటితే మసకబారుతుంది. బంధువుల నుంచి ఫొటోలు తెప్పించుకునేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమంటే అసలు ఫైల్ చెక్కుచెదరకుండా వస్తుంది. ఏ యాప్ వాడినా ఈ జాగ్రత్త లేని పేజీ అచ్చులో తేలిపోతుంది.

లేయర్లు, మెమరీ

డిజిటల్ పేజీ పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున కాగితం, దాని మీద ఫొటో చట్రం, ఆ పైన ఫొటో, ఆ పైన పువ్వు, చివరికి అక్షరాలు. ఒక్కో పొరను లేయర్ అంటారు. పువ్వును జరిపితే కింది ఫొటో చెక్కుచెదరకుండా ఉండటం లేయర్ల వల్లే. ఓ మోస్తరు స్క్రాప్‌బుక్ పేజీకి 20 నుంచి 40 లేయర్లు పడతాయి.

3600 × 3600 పేజీలో దాదాపు 1 కోటి 30 లక్షల పిక్సెళ్లున్నాయి. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు చొప్పున నిండు లేయర్ ఒక్కటి 52 మెగాబైట్ల మెమరీ తీసుకుంటుంది. 40 లేయర్లంటే 2 గిగాబైట్లు దాటుతుంది. యాప్‌లు ఖాళీ భాగాలను వదిలేసి ఈ భారాన్ని తగ్గించుకుంటాయి గానీ, 3 లేదా 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్న ట్యాబ్లెట్ ఎందుకు ఆయాసపడుతుందో ఈ లెక్క చెబుతుంది. తొమ్మిదో తరం ఐప్యాడ్‌లో 3 గిగాబైట్ల ర్యామ్ ఉంటే, ఎమ్1 చిప్ ఉన్న ఐప్యాడ్ ఎయిర్‌లో 8 గిగాబైట్లు ఉంది. రెండింటిలోనూ ఒకే యాప్ వేసుకున్నా రెండోదానిలో లేయర్లు ఎక్కువ దొరుకుతాయి.

యాప్ కొనేముందు తన ట్యాబ్లెట్‌లో తన పేజీ కొలతకు ఎన్ని లేయర్లు వస్తాయో తెలుసుకోవడం ముఖ్యం. ప్రొక్రియేట్ యాప్ కొత్త పేజీ కొలతలు వేసేచోటే గరిష్ఠ లేయర్ల సంఖ్యను చూపిస్తుంది. సంఖ్య తక్కువగా వస్తే 12 అంగుళాలకు బదులు 8 అంగుళాల పేజీ ఎంచుకోవచ్చు. అక్కడ లేయర్ బరువు 23 మెగాబైట్లకు, అంటే సగానికంటే తక్కువకు దిగుతుంది. చిన్న పుస్తకం చేతిలో పట్టుకుని చూడటానికీ హాయిగా ఉంటుంది. ట్యాబ్లెట్ మార్చడం కంటే పేజీ తగ్గించడం చవకైన పరిష్కారం.

నాలుగు రకాల యాప్‌లు

స్క్రాప్‌బుక్‌కు పనికొచ్చే యాప్‌లు వందల్లో ఉన్నట్టు కనిపించినా, స్వభావాన్ని బట్టి నాలుగు గుంపుల్లో ఇమిడిపోతాయి.

మొదటి గుంపు టెంప్లేట్ యాప్‌లు. కాన్వా వీటిలో ముందుంటుంది. ఆస్ట్రేలియాలో 2013లో మొదలైన ఈ యాప్ ఐప్యాడ్, ఆండ్రాయిడ్, కంప్యూటర్ మూడింటిలోనూ ఒకే ఖాతాతో పనిచేస్తుంది. తయారుగా ఉన్న అమరికలో ఫొటోలు వేసి మాటలు మార్చితే పేజీ సిద్ధం. తెలుగు ఫాంట్లు లోపలే ఉన్నాయి. ఉచిత ఖాతాలో కొన్ని తలుపులు మూసి ఉంటాయి. సొంత ఫాంట్ ఎక్కించడానికి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ ఫైల్ దింపుకోవడానికి చందా కట్టాలి. పని చాలావరకు ఇంటర్నెట్ మీద ఆధారపడుతుంది. మొదటిసారి చేసేవారికి, నెలకో పేజీ చాలనుకునేవారికి ఇది సరిపోతుంది.

రెండో గుంపు చిత్రలేఖన యాప్‌లు. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్, ఐప్యాడ్, ఆండ్రాయిడ్ రెండింటిలోనూ దొరికే ఇన్ఫినిట్ పెయింటర్, ఐబిస్ పెయింట్, క్లిప్ స్టూడియో పెయింట్ ఈ కోవలోవి. ఇవి పుట్టింది బొమ్మలు గీయడానికి. లేయర్లు, కుంచెలు, చేతిరాత వీటి బలం. ముగ్గు గీసి అంచుగా పెట్టాలన్నా, మామిడి తోరణం గీసి పేజీ పైన కట్టాలన్నా ఇవే తగినవి. అక్షరాల కూర్పు, నీడలు వేయడం వంటివి మాత్రం చేత్తో చేసుకోవలసి వస్తుంది.

మూడో గుంపు ఫొటో కూర్పు యాప్‌లు. ఐప్యాడ్‌లో ఫొటోషాప్ 2019లో వచ్చింది. అఫినిటీ ఫొటో అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో ఉచితంగా దొరికే క్రిటా మూలంలో చిత్రలేఖన ప్రోగ్రామే అయినా, కంప్యూటర్ రూపాన్నీ సాధనాలనూ అలాగే తెచ్చుకుంది కాబట్టి ఈ గుంపులోనూ చేరుతుంది. ల్యాప్‌టాప్‌లో పనిచేసి వచ్చినవారికి ఇవి పరిచయమైన ఇల్లులా ఉంటాయి. నేర్చుకోవడానికి మిగతావాటికంటే ఎక్కువ రోజులు పడుతుంది.

నాలుగోది నోటుపుస్తకం యాప్‌లు. గుడ్‌నోట్స్, శాంసంగ్ నోట్స్ వంటివి. డైరీలా రాసుకుంటూ మధ్యమధ్యలో ఫొటో అతికించేవారికి ఇవి చాలు. పేజీ పీడీఎఫ్‌గా బయటికి వస్తుంది. లేయర్ల మీద పట్టు తక్కువ కాబట్టి అలంకారం ఎక్కువున్న పేజీలకు ఇవి అనువు కావు. ప్రయాణాల డైరీ, గర్భిణి రోజువారీ పుస్తకం, బడి పిల్లల జ్ఞాపకాల పుస్తకం వంటివాటికి ఇదే తేలికైన దారి.

స్క్రాప్‌బుక్ కోరే అయిదు పనులు

ఏ గుంపు యాప్ అయినా అయిదు పనులు చేయగలగాలి.

మొదటిది క్లిప్పింగ్ మాస్క్. గుండ్రటి చట్రంలో ఫొటో పెట్టాలంటే ఫొటో అంచులను నిజంగా కత్తిరించనక్కర్లేదు. చట్రం ఉన్న లేయర్ పైన ఫొటో లేయర్ ఉంచి, దానికి క్లిప్పింగ్ మాస్క్ వేస్తే చట్రం మేరకే ఫొటో కనిపిస్తుంది. లోపల ఫొటోను ఎటు జరిపినా అసలు బొమ్మ చెడదు. టెంప్లేట్ల పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది. కాన్వాలో ఈ పనిని ఫ్రేమ్‌లు చేస్తాయి.

రెండోది నీడ. కాగితం మీద కాగితం అతికించిన భ్రమ కలిగించేది నీడే. అఫినిటీ ఫొటో, క్రిటా వంటివాటిలో లేయర్‌కు నీడను ఒక ఎఫెక్ట్‌గా వేయవచ్చు. ప్రొక్రియేట్‌లో అటువంటి మీట లేదు. లేయర్‌కు నకలు తీసి, కింది నకలును నల్లరంగుతో నింపి, గాసియన్ బ్లర్‌తో అంచులు మెత్తబరచి, కొద్దిగా కిందికి, పక్కకు జరిపి, చిక్కదనం తగ్గించాలి. అలవాటైతే నిమిషంలో అయ్యే పని. వెలుగు ఎడమ పైనుంచి పడుతున్నట్టు అనుకుంటే పేజీలో అన్ని నీడలూ కుడి కిందికే పడాలి. పలుచని కాగితానికి సన్నని నీడ, ఎత్తుగా ఉండే పువ్వుకు, గుండీకి వెడల్పాటి నీడ పెట్టాలి. అన్నిటికీ ఒకే నీడ వేస్తే పేజీ అట్టముక్కలా కనిపిస్తుంది.

మూడోది వెనక రంగు లేని పీఎన్‌జీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకోవడం. పువ్వు చుట్టూ తెల్లపెట్టె కనిపిస్తే ఆ యాప్ ఈ పనికి తగదు. నాలుగోది పీఎస్‌డీ ఫైల్ తెరవడం. స్క్రాప్‌బుక్ టెంప్లేట్లలో ఎక్కువ భాగం ఫొటోషాప్ వాడే పీఎస్‌డీ రూపంలోనే దొరుకుతాయి. లేయర్లన్నీ విడివిడిగా తెరుచుకుంటున్నాయా, ఒకే బొమ్మగా అతుక్కుపోతున్నాయా అన్నది చూడాలి. ప్రొక్రియేట్ లేయర్లతో సహా పీఎస్‌డీ తెరుస్తుంది, తిరిగి అదే రూపంలో బయటికి పంపుతుంది. ఫొటోషాప్ కుంచెలను కూడా 2019లో వచ్చిన అయిదో రూపం నుంచి తీసుకుంటోంది.

అయిదోది బయటికి వచ్చే దారి. తయారైన పేజీని పూర్తి కొలతలో జేపెగ్, పీఎన్‌జీ, పీడీఎఫ్‌లుగా ఇవ్వగలగాలి. లేయర్లతో ఉన్న మూలప్రతి పీఎస్‌డీగా బయటికి వస్తే ఇంకా మంచిది. రేపు యాప్ మూతపడినా, ట్యాబ్లెట్ మారినా పేజీ వేరేచోట తెరుచుకోవాలంటే ఇదొక్కటే భరోసా.

తెలుగు అక్షరం పరీక్ష

స్క్రాప్‌బుక్‌లో సగం విలువ మాటది కాబట్టి తెలుగులో రాసేవారు ఈ పరీక్షను దాటవేయకూడదు. ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. తెలుగులో గుణింతం అక్షరాన్ని చుట్టుకుంటుంది, ఒత్తు కిందికి దిగుతుంది. ఈ కూర్పు తెలియని యాప్‌లో అక్షరాలు విడిపోతాయి. ఒత్తు రావలసినచోట పొల్లు అక్షరం నిలబడుతుంది, గుడి పక్కకు జారుతుంది. ఫొటో సవరణలో ఎంత పేరున్న యాప్ అయినా భారతీయ లిపుల దగ్గర తడబడే అవకాశం ఉంది.

పరీక్ష తేలిక. జ్ఞాపకం, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, కృష్ణ, సంక్రాంతి అన్న ఆరు మాటలు టైపు చేసి చూడాలి. ఆరూ సరిగా వస్తే మిగతావీ వస్తాయి. ఫాంట్ మార్చి మరోసారి చూడాలి, ఎందుకంటే తప్పు యాప్‌ది కాక ఫాంట్‌ది కూడా కావచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, మల్లన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన, రవిప్రకాశ్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర వంటి లావు అక్షరం, కబురుకు మండలి వంటి మామూలు అక్షరం బాగుంటాయి. డీటీపీ కేంద్రాల్లో వాడిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో టైపు చేసిన పాత మాటర్‌ను ట్యాబ్లెట్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి.

యాప్‌లో తెలుగు విడిపోతే ఆ యాప్‌నే వదిలేయనక్కర్లేదు. తెలుగు సరిగా చూపించే మరో యాప్‌లో మాటలు కూర్చి, వెనక రంగు లేని పీఎన్‌జీగా దింపి, పువ్వును పెట్టినట్టే పేజీలో పెట్టవచ్చు. ఆండ్రాయిడ్‌లో పిక్సెల్‌ల్యాబ్ ఈ పనికి బాగా అలవాటైనది. తర్వాత దిద్దడానికి వీలుగా మూలవాక్యాలను ఒక నోట్‌లో దాచుకోవాలి. మూడో దారి స్టైలస్‌తో సొంత చేతిరాత. అక్షరం వంకరైనా పరవాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత చూసే పిల్లలకు ఫాంట్ కంటే అమ్మ చేతిరాతే ప్రియంగా ఉంటుంది.

వరుసల మధ్య ఎడం విషయంలోనూ తెలుగుకు ప్రత్యేక శ్రద్ధ కావాలి. పైవరుస ఒత్తులు కిందివరుస తలకట్లను తాకకుండా ఎడం పెంచే వీలు యాప్‌లో ఉందో లేదో చూడాలి. ఇంగ్లిషు కోసం పెట్టిన ఎడం తెలుగుకు చాలదు.

కిట్లు, ఫైళ్ల రాకపోకలు

స్క్రాప్‌బుక్ అలంకార సామగ్రి కిట్ల రూపంలో అమ్ముతారు. కాగితాలు జేపెగ్‌లుగా, పూలు, రిబ్బన్లు పీఎన్‌జీలుగా, అన్నీ కలిపి జిప్ మూటలో వస్తాయి. ఒక్కో మూట వందల మెగాబైట్లు ఉంటుంది. ఐప్యాడ్‌లోని ఫైల్స్ యాప్ 2019 నుంచి జిప్‌ను నేరుగా విప్పుతోంది, పెన్‌డ్రైవ్‌ను కూడా చదువుతోంది. ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్‌తో ఈ పని అవుతుంది. విప్పిన తర్వాత జిప్‌ను తొలగిస్తే చోటు మిగులుతుంది.

కిట్ బొమ్మలను ఫొటో గ్యాలరీలో కలపకూడదు. వేల పూలు, గుండీల మధ్య ఇంటివాళ్ల ఫొటోలు కనబడకుండా పోతాయి. కాగితాలు, పూలు, చట్రాలు, అక్షరాలు అని నాలుగు ఫోల్డర్లు చేసి, యాప్ ఆ ఫోల్డర్ నుంచి నేరుగా తీసుకుంటుందో లేదో చూడాలి. గ్యాలరీ నుంచి మాత్రమే తీసుకునే యాప్‌తో ఎక్కువ కిట్లు వాడేవారికి తలనొప్పి తప్పదు.

కిట్‌తో వచ్చే లైసెన్సు చదవడం అవసరం. సొంత వాడకానికి ఇచ్చినదాన్ని ఇంటి పుస్తకంలో వాడవచ్చు. డబ్బు తీసుకుని ఇతరులకు పేజీలు చేసిపెట్టేవారు వ్యాపార వాడకానికి అనుమతి ఉన్న కిట్లే కొనాలి.

ఖర్చు

యాప్ ధర మూడు విధాలు. ఒకసారి కొంటే చాలనేవి, నెలకో ఏడాదికో చందా కట్టవలసినవి, ఉచితమైనవి. ప్రొక్రియేట్ మొదటి రకం. ఫొటోషాప్, ట్యాబ్లెట్‌లో క్లిప్ స్టూడియో పెయింట్ చందాతో నడుస్తాయి. క్రిటా ఉచితం. ఐబిస్ పెయింట్ ప్రకటనలతో ఉచితం. ఏడాదికి పదో పన్నెండో పేజీలు చేసే ఇంటికి చందా బరువే. వారానికి రెండు మూడు పేజీలు చేసేవారికి అది గిట్టుబాటు కావచ్చు. చందా మొత్తాన్ని ఏడాదిలో చేసే పేజీలతో భాగించి, పేజీకి ఎంత పడుతుందో చూసుకుంటే తేలిపోతుంది.

యాప్‌ల యాజమాన్యాలు, ధరలు మారుతూ ఉంటాయి. అఫినిటీ యాప్‌ల తయారీదారు సెరిఫ్‌ను 2024 మార్చిలో కాన్వా కొనుగోలు చేసింది. అందుకే కొనే రోజున ధర చూసుకోవడంతో పాటు, చందా ఆగితే పాత పేజీలు తెరుచుకుంటాయా అన్నదీ తెలుసుకోవాలి.

స్టైలస్ ఖర్చును మరవకూడదు. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ శ్రేణిలో ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. యాపిల్ పెన్సిల్ విడిగా కొనాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ యాపిల్ పెన్సిల్ ఒత్తిడిని గుర్తించదు. నొక్కినకొద్దీ లావయ్యే గీత కావాలంటే అది కాక మిగతా రకాలు చూడాలి. ఫొటోలు, మాటలు అమర్చడమే పనైతే వేలు కూడా సరిపోతుంది.

ఒక సాయంత్రం పరీక్ష

రెండు మూడు యాప్‌ల దాకా జాబితా కుదిరాక, డబ్బు పెద్దగా పెట్టకముందే ఒకే పేజీని ఒక్కోదానిలో చేసి చూడటం ఉత్తమం. ఉచిత గడువు ఉన్న యాప్‌లతో ఇది సులువు. వరుస ఇలా ఉండవచ్చు:

1. చేయదలచుకున్న పుస్తకం కొలతలో, 300 చుక్కల లెక్కతో ఖాళీ పేజీ తెరవడం.
2. అడుగున ఒక కాగితం, దాని మీద మూడు ఫొటోలు, అయిదు పూలు పెట్టడం.
3. ఒక ఫొటోను క్లిప్పింగ్ మాస్క్‌తో గుండ్రటి చట్రంలో కూర్చడం.
4. ఒక పువ్వుకు, ఒక ఫొటోకు వేరువేరు నీడలు వేయడం.
5. తెలుగులో శీర్షిక, నాలుగు వాక్యాల కబురు రాయడం.
6. యాప్ మూసి తెరిచి, శీర్షికలో ఒక మాట మార్చడం.
7. పేజీని జేపెగ్‌గా, లేయర్లతో కూడిన మూలప్రతిగా బయటికి పంపడం.
8. ఆ జేపెగ్‌ను దగ్గర్లోని ఫొటో ల్యాబ్‌లో ఒక ప్రతి అచ్చు వేయించడం.

ఎనిమిదో మెట్టును చాలామంది దాటేస్తారు. తెర వెలుగుతో చూపిస్తుంది, కాగితం వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి అచ్చులో పేజీ కాస్త మసకగానే వస్తుంది. మొదటి ప్రతి చూశాక వెలుగు ఎంత పెంచాలో తెలుస్తుంది. బయటికి పంపేటప్పుడు ఎస్ఆర్‌జీబీ రంగుల పద్ధతి ఎంచుకుంటే ల్యాబ్‌లో రంగులు పెద్దగా మారవు. కత్తిరింపులో పోకుండా ముఖాలు, అక్షరాలు అంచుకు కనీసం అర అంగుళం లోపల ఉంచాలి.

ఎనిమిది మెట్లలో ఏడు సాఫీగా సాగిన యాప్ చాలు. అన్నీ చేసే యాప్ కోసం వెతుకుతూ పోతే ఫొటోలు ఫోన్లలోనే ఉండిపోతాయి. ఎంచుకున్నదానితో కనీసం పన్నెండు పేజీలు చేసేదాకా మరోదానికి మారకపోవడం మేలు. యాప్ బలహీనత అనుకున్నది చాలాసార్లు అలవాటు లేకపోవడమేనని అయిదారు పేజీల తర్వాత తెలుస్తుంది.

తయారైన పేజీని కాపాడుకోవడం

చాలా ట్యాబ్లెట్ యాప్‌లు పేజీలను తమ లోపలే దాచుకుంటాయి. చోటు చాలక ప్రొక్రియేట్ వంటి యాప్‌ను తొలగిస్తే అందులోని పేజీలూ పోతాయి. పేజీ పూర్తయిన రోజే మూలప్రతిని, జేపెగ్‌ను బయటికి తీయాలి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇంటి పుస్తకానికీ వర్తిస్తుంది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి బయట. ఉదాహరణకు ట్యాబ్లెట్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలతో క్లౌడ్ ఫోల్డర్ పంచుకుంటే ఆ మూడో ప్రతి వాళ్ల చేతుల్లోనూ ఉంటుంది.

ఫైల్ పేరు సంవత్సరం, నెల, సందర్భం వరుసలో పెడితే ఏళ్ల తర్వాతా దొరుకుతుంది. 2025-01-సంక్రాంతి అన్నట్టుగా. ఫైల్ పేరు కాగితం మీద అచ్చు కాదు కాబట్టి, ప్రతి పేజీ మూలన తేదీ, ఊరు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల వరస చిన్న అక్షరాల్లో రాయాలి. అన్నప్రాసన పేజీలో పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరని ఆ పాప పెరిగి పెద్దయ్యాక అడిగితే, జవాబు ఆ మూలనే దొరకాలి.